హళేబీడులో చాలామంది చూడకుండా వచ్చేసే గుడి

కర్ణాటకలోని హాసన్ నుంచి హళేబీడు 30 కిలోమీటర్లు. పొద్దున్నే బస్సెక్కాం. హొయసలేశ్వరాలయం గురించి రాసినవాళ్లు బోలెడుమంది కాబట్టి నేను ఎక్కువ చెప్పను. 1121 ప్రాంతంలో, హొయసల రాజు విష్ణువర్ధనుడి కాలంలో మొదలైన గుడి. రెండు గర్భగుళ్లు, రెండు నందులు, శిఖరాలు మాత్రం లేవు. గోడ అడుగున ఏనుగుల వరస, దానిపైన సింహాలు, లతలు, గుర్రపు రౌతులు, ఆపైన రామాయణ భారతాలు. ద్వారపాలకుడి నగలు మాత్రం దగ్గరికెళ్లి చూడండి. పూసల వెనక్కి కూడా ఉలి దూర్చి చెక్కారు. అది బలపపు రాయి కాబట్టి సాగింది. తవ్వి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. రామప్పలో మన కాకతీయ శిల్పులు గట్టి నల్లరాతితో మదనికలకు అంత నునుపు ఎలా తెచ్చారో అనిపించింది.

ఓ గంటకి కళ్లు అలిసిపోయాయి. జానెడు గోడ ఖాళీ లేదు మరి! "ఇక చాలండీ, బేలూరు పోదాం" అంది మా ఆవిడ. దగ్గర్లోనే బసదులు, అంటే జైన గుళ్లు, ఉన్నాయని బతిమాలి తీసుకెళ్లాను.

పార్శ్వనాథ బసది బయటి గోడలు దాదాపు బోసిగా ఉన్నాయి. లోపల నవరంగంలో, అంటే గర్భగుడి ముందున్న మంటపంలో, గుండ్రంగా తిప్పి, అద్దంలా మెరుగుపెట్టిన నల్లని స్తంభాలు. కాపలా ఆయన మా ఆవిడను ఒకదాని ముందు నిలబెట్టి చేతులు చాపమన్నాడు. ఆ గుండ్రటి రాతిలో ఆవిడ సన్నగా, పుల్లలా కనబడింది. "డైటింగ్ అక్కర్లేదు, రోజూ ఇక్కడికొస్తే చాలు" అని ఒకటే నవ్వు.

గర్భగుడిలో జైన తీర్థంకరుడు పార్శ్వనాథుడు దాదాపు 18 అడుగుల ఎత్తు. ఒంటిమీద నగ లేదు, నూలుపోగు లేదు, తలపైన పాము పడగలు, అంతే. అదే రాజు, అదే రకం రాయి, పన్నెండేళ్ల తేడా. నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది.

దీన్ని 1133లో విష్ణువర్ధనుడి సేనాని గంగరాజు జ్ఞాపకార్థం ఆయన కొడుకు బొప్పదేవుడు కట్టించాడు. ప్రతిష్ఠ ప్రసాదం పట్టుకుని పూజారులు రాజున్న బంకాపురం వెళ్లేసరికి, విష్ణువర్ధనుడు యుద్ధం గెలిచి, పైగా కొడుకు పుట్టిన సంతోషంలో ఉన్నాడట. ఈ దేవుడికి విజయ పార్శ్వుడనీ, పిల్లవాడికి విజయ నరసింహుడనీ పేర్లు పెట్టాడని శాసనం చెబుతోంది. రామానుజుల వల్ల జైనం వదిలి వైష్ణవుడయ్యాడని అందరూ చెప్పుకునే రాజు ఈయనే!

పక్కనే శాంతినాథ బసది కూడా ఉంది. మంచి వెలుతురు ఉండగానే వెళ్లండి, మబ్బు పడితే స్తంభాల మెరుపు అంతగా తెలియదు.