ఎడమచేతి గిటార్‌పై మోడ్‌లు: ముందు షడ్జమం, తరువాతే ఆకారం

నాది ఎడమచేతివాటం. గిటార్ తీగలను ఎడమచేత్తో మీటి, మెట్లను కుడిచేతి వేళ్ళతో నొక్కుతాను. మోడ్‌లు, అంటే ఒకే స్వరాల వరుసలో వేరువేరు స్వరాలను షడ్జమంగా (సా గా) చేసుకొని వాయించే స్కేళ్ళు, నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు నన్ను తికమకపెట్టినవి స్వరాలు కావు, బొమ్మలు. పాఠాల్లో స్కేళ్ళను ఫ్రెట్‌బోర్డు (మెట్లున్న పలక) మీద చుక్కల ఆకారాలుగా చూపుతారు. కుడిచేతివాటం వారికోసం గీసిన ఆ ఆకారాన్ని నేను ప్రతిసారీ మనసులో అద్దంలో చూసినట్లు తిప్పుకోవాలి. ఇక గిటార్ శ్రుతే మార్చుకుంటే ఆ ఆకారం అసలు పనికిరాదు. తీగ సంఖ్య, మెట్టు సంఖ్య రాసే ట్యాబ్ పద్ధతికి మాత్రం ఈ చిక్కు లేదు, ఏ చేతివాటం వారైనా దాన్ని ఉన్నదున్నట్లు చదువుకోవచ్చు.

మొదట్లో కుడిచేతి అకూస్టిక్ గిటార్‌కే తీగలు తారుమారు చేయించుకొని చాలా నష్టపోయాను. అటువంటి గిటార్‌లో తీగలను పెట్టెకు బిగించే బ్రిడ్జి మీది శాడిల్ (తీగలు ఆనే పట్టీ) కొద్దిగా ఏటవాలుగా ఉండి, లావు తీగలకు కాస్త ఎక్కువ పొడవునిస్తుంది. తీగలు తిప్పగానే ఆ పొడవు సన్న తీగలకు పోయి, లావు తీగలు పై మెట్లలో శ్రుతికి మించి పలికాయి. గాంధారం ఎందుకు కుదరడం లేదో తెలియక నెలల తరబడి నా చెవినే అనుమానించాను. అమెరికన్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కుడిచేతి స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్‌ను తిప్పి వాయించిన మాట నిజమే కాని, ఆ గిటార్‌లో ఒక్కొక్క తీగ శాడిల్‌ను విడిగా జరుపుకొనే వీలుంది. అకూస్టిక్ నేర్చుకోదలచిన ఎడమచేతివారు ఎడమచేతికని తయారైన గిటారే కొనుక్కోవాలని గట్టిగా చెబుతాను.

బ్రిటిష్ గిటారిస్టు డేవీ గ్రాహం 1960ల తొలినాళ్ళలో ప్రచారంలోకి తెచ్చిన డి-ఏ-డి-జి-ఏ-డి శ్రుతి నా దారి మార్చింది. మామూలు శ్రుతిలో ఉన్న ఆరో తీగను, రెండో తీగను, ఒకటో తీగను రెండేసి మెట్ల మేర దించితే చాలు. డి ని షడ్జమంగా తీసుకొంటే లావు తీగ నుంచి వరుసగా సా, పా, సా, మా, పా, సా పలుకుతాయి. శాస్త్రీయ సంగీతం వింటూ పెరిగిన చెవికి ఇంతకన్నా దగ్గరి శ్రుతి గిటార్ మీద నాకు కనబడలేదు.

అంతకుముందు సి మేజర్ స్కేలును రెండో స్వరం నుంచి వాయిస్తే డోరియన్, మూడో స్వరం నుంచి వాయిస్తే ఫ్రిజియన్ అని చదివి, అలాగే సాధన చేశాను. ఎన్నాళ్ళు వాయించినా నాకు మేజర్ స్కేలుకు సాటి అయిన శంకరాభరణమే వినబడేది. ఇది మన కర్ణాటక సంగీతంలోని గ్రహభేదమే, అంటే షడ్జమాన్ని మార్చి మరో రాగాన్ని రాబట్టడమే: శంకరాభరణం రిషభాన్ని షడ్జమం చేసుకొంటే ఖరహరప్రియ, గాంధారాన్ని చేసుకొంటే తోడి, మధ్యమాన్ని చేసుకొంటే కల్యాణి, పంచమాన్ని చేసుకొంటే హరికాంభోజి, ధైవతాన్ని చేసుకొంటే నఠభైరవి వస్తాయి. నిషాదం నుంచి మొదలుపెడితే పంచమం దొరకదు కనుక లోక్రియన్ అనే ఆ మోడ్‌కు ఏడు స్వరాలూ ఉండే మూల రాగాలైన మేళకర్తల్లో చోటు లేదు. అయితే షడ్జమం మారిందని చెవికి తెలియజేసే ఆధార శ్రుతి వెనుక మోగనంతకాలం ఆ భేదం కాగితం మీదే ఉండిపోతుంది. కొత్త శ్రుతిలో ఎడమ బొటనవేలితో ఆరో తీగను, ఐదో తీగను మోగిస్తూ డోరియన్ వాయించిన రోజున తొలిసారి ఖరహరప్రియ విన్నాను.

వేళ్ళ అమరిక కూడా చాలా సులువు. నాలుగో తీగ మీద ఖాళీగా సా, రెండో మెట్టు మీద రి, నాలుగో మెట్టు మీద గ. మూడో తీగ ఖాళీగా మ. రెండో తీగ ఖాళీగా ప, రెండో మెట్టు మీద ద, నాలుగో మెట్టు మీద ని. ఒకటో తీగ ఖాళీగా పై సా. ఇది శంకరాభరణం, అంటే అయోనియన్. గ, ని రెండింటినీ మూడో మెట్టుకు దించితే ఖరహరప్రియ. ని ఒక్కదాన్నే దించితే హరికాంభోజి, అంటే మిక్సోలిడియన్. ఖరహరప్రియలో రి, ద లను కూడా ఒకటో మెట్టుకు తెస్తే తోడి స్వరాలు, ద ఒక్కదాన్నే తెస్తే నఠభైరవి. శంకరాభరణం, ఖరహరప్రియ, తోడి మూడింటిలోనూ పూర్వాంగానికి (సరిగమ) నాలుగో తీగ మీద వేళ్ళు పడే చోట్లే ఉత్తరాంగానికి (పదనిస) రెండో తీగ మీద కూడా పడతాయి. ఈ పోలిక చేతికి అందిన తరువాత నాకు అద్దం బొమ్మలతో పని లేకపోయింది. (గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, లేని తోడి స్వరాలను తోడి రాగం అనలేము, నేను చెబుతున్నది స్వరస్థానాల గురించే.)

ఇప్పుడు కల్యాణి, అంటే లిడియన్ సాధన చేస్తున్నాను. ఇందులో మూడో తీగను ఖాళీగా వదలకుండా, ఒకటో మెట్టు మీద నొక్కి ప్రతిమధ్యమం పలికించాలి. పంచమానికి వెళ్ళే తొందరలో కుడి చూపుడువేలు ఒక్క క్షణం ముందుగా లేచినా ఖాళీ తీగలోని శుద్ధమధ్యమం మోగి, కల్యాణి కాస్తా శంకరాభరణం అయిపోతుంది. అందుకే వారం రోజులుగా గ, మ, ప మూడు స్వరాలనే నెమ్మదిగా, ఆ వేలిని మాత్రమే గమనిస్తూ వాయిస్తున్నాను.