0.1 పెట్టెయ్యండి అన్నాడు

పదకొండున్నర దాటింది. మూసిన కంప్యూటర్ మళ్లీ తెరిచాను. దిమ్మకి ఆనే పల్చటి రేకు ఎంత వంగుతుందో లెక్కగట్టే పని ఇంకా తెగలేదు. మా ఆవిడ ఏమందో మీకు చెప్పక్కర్లేదు.

పొద్దున్న పక్క సీటాయన నా స్క్రీన్‌లోకి తొంగి చూసి, "స్టిఫ్‌నెస్ ఫ్యాక్టర్ 0.1 పెట్టెయ్యండి, కన్వర్జ్ అయిపోతుంది" అనేసి వెళ్లిపోయాడు. అంటే, రెండు భాగాలు తగిలే చోట (కాంటాక్ట్) ప్రోగ్రాం ఊహించుకునే స్ప్రింగు గట్టితనాన్ని పదో వంతుకి దించితే లెక్క ఒక జవాబు దగ్గర కుదురుకుంటుందని. మోడల్ ఏమిటని అడగలేదు. మెష్, అంటే మోడల్‌ని చిన్న చిన్న గళ్లుగా కోసిన వల, చూడలేదు. కన్వర్జ్ అవడమే కావాలంటే కాంటాక్టే తీసేస్తే పోయె! రోజంతా ఆ మాట పంటికింద రాయిలా ఉంది.

ఆ తగ్గించడం ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో షాఫ్ట్ (ఇరుసు) మీద బుష్ (గొట్టంలాంటి తొడుగు) బిగింపు లెక్క చేశాను. రేడియల్‌గా ఇంటర్‌ఫియరెన్స్, అంటే బుష్ రంధ్రం షాఫ్ట్ కన్నా వ్యాసార్ధంలో ఇరుకైన మేర, 0.02 మి.మీ. రెండు రోజులు ఏడిపించింది. ఎవరో చెబితే ఫ్యాక్టర్ 0.01కి దించాను. చకచకా అయిపోయింది. రంగురంగుల బొమ్మలు పట్టుకుని రివ్యూకి వెళ్తే, వెనక వరసలో పెద్దాయన ఒక్కటే అడిగారు: "పెనట్రేషన్ ఎంత బాబూ?" నేనసలు చూస్తేగా! అక్కడే, అందరి ముందే తెరిపించారు. 0.008 మి.మీ. పెనాల్టీ పద్ధతిలో ఒక ఉపరితలం రెండోదానిలోకి కాస్త చొచ్చుకుపోతేనే బలం పుడుతుంది, స్ప్రింగు నొక్కినట్టు. స్ప్రింగు మెత్తనైతే ఎక్కువ చొచ్చుకుపోతుంది. ఉన్నదే 0.02, అందులో 0.008 ఆ స్ప్రింగే మింగేసింది. అంటే బిగింపు ప్రెజర్ 40 శాతం తక్కువ చూపిస్తున్నానన్నమాట. పెద్దాయన "ఊఁ" అని ఊరుకున్నారు. నాలుగు తిట్టినా బావుండేది.

అందుకే ఇవాళ పంతానికి 1.0 మీదే కూర్చున్నాను. ఒక ఇటరేషన్‌లో (లెక్క ఒక చుట్టులో) రేకు దిమ్మకి తగులుతుంది, తర్వాతి దాంట్లో ఎగిరిపోతుంది, మళ్లీ తగులుతుంది. రెసిడ్యుయల్ (బలాల్లో ఇంకా కుదరని తేడా) గీత రంపం పళ్లే. లోడు స్టెప్పు సగం, సగంలో సగం... సాయంత్రం ఆరుకి లెక్క చచ్చిపోయింది.

ఇందాక 0.1 పెట్టి చూశాను. పద్నాలుగు ఇటరేషన్లు. పెనట్రేషన్ 0.0004, రేకు వంగింది 1.3 మి.మీ. అనుమానం తీరక 0.5తో మళ్లీ నడిపాను. పడుతూ లేస్తూ పూర్తయింది, స్ట్రెస్ (రేకు లోపలి ఒత్తిడి) 212 నుంచి 213కి జరిగింది. అంతే. పల్చటి రేకు వంగే చోట 0.1 సరిపోతుందని ఈ సాఫ్ట్‌వేర్ మాన్యువల్లోనే ఉంది. బుష్ వేరు, ఇది వేరు. అక్కడ బిగింపే మైక్రాన్ల లెక్క, ఇక్కడ వంపే మిల్లీమీటరు దాటింది. మోడల్ అడగలేదని పొద్దున్నించీ తిట్టుకున్నాను గానీ, స్క్రీన్ మీద రేకు కనిపిస్తూనే ఉందిగా ఆయనకి.

ఆ చెప్పే తీరు మాత్రం నాకిప్పటికీ నచ్చలేదు.

అన్నట్టు, దిమ్మ అంచు దగ్గర కాంటాక్ట్ ప్రెజర్ మాత్రం 0.1కి 90, 0.5కి 131. అక్కడ మెష్ ముతక, మూలేమో పదును. ఆ అంకెను రిపోర్టులో పెట్టను. ఫిల్లెట్ గీసి (మూలని గుండ్రం చేసి) మెష్ సన్నగా చేసి మళ్లీ నడపాలి. ఆవిడ లైటు ఆర్పేసింది, కీబోర్డు కనపడట్లేదు.