అమ్మ నడవని 32 కిలోమీటర్లు

సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ చేసి వచ్చి వారం కూడా కాలేదు. అరికాళ్ళ పొక్కులు ఇంకా ఆరలేదు. ఇంట్లో మడమల మీద నడుస్తుంటే పిల్లలు వెనకాలే వచ్చి నా నడక నడిచి వెక్కిరిస్తున్నారు. మొక్కయితే తీరింది, నాన్న క్షేమంగా ఉన్నారు. ఈ సంతోషం పచ్చిగా ఉండగానే రాసుకోవాలనిపించింది.

మా పుట్టిల్లు వెంకోజీపాలెం. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్ మీదుగా అప్పుఘర్ చేరి, సముద్రంలో మునిగి, తడిబట్టలతోనే ఎంవీపీ కాలనీ దాటి మా వైపు వస్తారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ రోజు మా ఇంట్లో పండగే. అమ్మ ముందు రాత్రే చింతపండు పులుసు ఉడికించి, ఇంగువ దట్టంగా వేసి మూత పెట్టేది. నిమ్మకాయతో అయితే సులువు కదా అంటే ఒప్పుకునేది కాదు, సాయంత్రానికి చేదెక్కుతుందని. నాన్న, అన్నయ్య రోడ్డు పక్కన బల్ల వేసేవారు. ఒక పక్క పులిహోర బేసిన్లు, ఇంకో పక్క అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. బ్యానరు లేదు, మైకు లేదు. వడ్డించేటప్పుడు అమ్మ చూపు ఎప్పుడూ ఆకు మీదే ఉండేది. పుచ్చుకునే వాళ్ళ మొహం వంక చూడగా నేనెరగను.

అమ్మది కోనసీమ. పెళ్ళై విశాఖ వచ్చి ఇన్నేళ్ళు బతికినా గోదావరి మాట పోలేదు. "ఎప్పుడూ పెట్టడమేనా పిన్నీ, ఒక్కసారైనా నడవవా?" అని పక్కింటివాళ్ళు అడిగితే, "సీతమ్మగారు అంతర్వేది వెళ్ళారేంటమ్మా?" అనేది. డొక్కా సీతమ్మగారు 1909లోనే పోయారు గానీ, అమ్మ మాట్లాడే తీరు చూస్తే ఆవిడ మా పెద్దమ్మేమో అనుకోవాలి. సీతమ్మగారు అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో బోయీలు అలుపు తీర్చుకుంటుంటే, అటుగా వస్తున్న పెళ్ళివారు ఆకలికి ఏడుస్తున్న పిల్లలతో, "ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారింట అన్నం దొరుకుతుంది" అంటున్నారట. ఆవిడ అక్కడికక్కడే పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారట. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నామో! ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వం ఆవిడ పేరే పెట్టింది. ఆ వార్త చదివే భాగ్యం అమ్మకి లేకపోయింది.

హుద్‌హుద్ తుపాను అప్పుడు, 2014 అక్టోబరు 12 తర్వాత, విశాఖలో ఉన్నవాళ్ళకి ఆ రోజులు చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాలప్యాకెట్టు ఎవడు ఎంత చెబితే అంత. మా వీధిలో వేపచెట్టు కూకటివేళ్ళతో పడిపోయింది. అమ్మ ఆ కొమ్మలే నరికించి, ఇటుకల పొయ్యి మీద పెసరపప్పు కిచిడీ వండింది. పచ్చి పుల్లలు, ఒకటే పొగ. కళ్ళు తుడుచుకుంటూనే వండింది. ఎవరింట్లో ఉన్న బియ్యం వాళ్ళు తెచ్చి ఆ గుండిగలోనే పోశారు. అంతకు ముందు పలకరింపులే లేని రెండిళ్ళ వాళ్ళు పక్కపక్కన కూర్చుని తిన్నారు.

అమ్మ పోయాక బల్ల ఆగలేదు, అన్నయ్యా వదినా నడిపిస్తున్నారు. నేను గాజువాకలో అత్తవారింటి నుంచి ఆ పూటకి వచ్చి ఓ చెయ్యి వేసేదాన్ని. నడవాలన్న ఆలోచన నాకూ ఉండేది కాదు.

ఈ వేసవిలో నాన్నకి గుండెపోటు వచ్చింది. కేజీహెచ్‌లో, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రిలో చేర్చాం. రోగికి లోపల భోజనం వస్తుంది, పక్కనున్న వాళ్ళ సంగతి వాళ్ళే చూసుకోవాలి. శ్రీకాకుళం నుంచి, పాడేరు పైనుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు చెట్ల కింద చాపలు పరుచుకుని ఉంటారు. ఊళ్ళో 5 రూపాయల అన్న క్యాంటీన్లు ఉన్నాయి గానీ, రాత్రివేళ మనిషిని వదిలి ఎవరు వెళ్తారు? నాన్నని ఐసీయూలోకి తీసుకెళ్ళిన రోజు టెన్షన్‌లో ఉదయం నుంచీ ఏమీ తినలేదు. రాత్రి బయటికి వస్తే ఎవరో దాతలు వ్యానులో సాంబారన్నం తెచ్చి పెడుతున్నారు. పర్సులో డబ్బులున్నాయి. అయినా కాళ్ళు ఆ లైనులోకే వెళ్ళాయి. జన్మలో మొదటిసారి అలా ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని కొంగు తల మీదికి లాక్కున్నాను. గరిటె పట్టుకున్న కుర్రాడు తల కూడా ఎత్తలేదు. ప్లేటు వంకే చూసి నిండుగా వేశాడు, పైన ఇంకొంచెం వేశాడు. అక్కడే గోడకి ఆనుకుని తింటూ మొక్కుకున్నాను. అప్పన్నా, నాన్న లేచి తిరిగితే నీ కొండ చుట్టూ చెప్పుల్లేకుండా నడుస్తాను, అమ్మ పేరు మీద.

నాన్న లేచి తిరిగారు. పత్యం చెయ్యమంటే వదినతో పేచీలు పెట్టేంతగా కోలుకున్నారు. ప్రదక్షిణ నాడు ఆయన్ని బల్ల వెనకాల కుర్చీలో కూర్చోబెట్టి, అన్నయ్యకి అప్పజెప్పి, నేనూ వదినా తొలిపావంచాకి బయల్దేరాం.

అక్కడి జనాన్ని చెప్పడం నా వల్ల కాదు. కొబ్బరికాయ కొట్టే చోటికి చేరడానికే ప్రాణం మీదికి వచ్చింది. ముందుకి వెళ్ళలేనివాళ్ళు వెనక నుంచే విసిరేస్తున్నారు, ఎవరి తల పగులుతుందో అని భయం. కాళ్ళ కింద కొబ్బరినీళ్ళ బురద, అందులో చిప్ప పెంకులు. నా ప్రదక్షిణలో మొదటి గాయం అదే. "గోవిందా" అని అందరూ అరుస్తుంటే నేను "అమ్మా" అని అరిచాను.

అడవివరం నుంచి హనుమంతవాక దాకా పది అడుగులకో బల్ల. పులిహోర, ఉప్మా, చక్రపొంగలి, బాదంపాలు, అరటిపళ్ళు, బిస్కెట్లు. చేతులు అడ్డం పెట్టి మరీ ఇస్తున్నారు. మన విశాఖ వాళ్ళ మనసు పెద్దదే, కాదనను. కానీ చెవులు చిల్లులు పడే ఆ డీజేలెందుకు? స్వామి బొమ్మకంటే నాయకుల మొహాలు పెద్దగా ఉన్న ఫ్లెక్సీలెందుకు? జనం కూడా తక్కువ తినలేదు. ఇచ్చింది పుచ్చుకోవడం, రెండు ముద్దలు తినడం, ప్లేటు రోడ్డు మీద పడేసి పక్క బల్ల దగ్గరికి పోవడం. అన్నం తొక్కకుండా అడుగు వేద్దామంటే కుదరలేదు. కాలి వేళ్ళ మధ్య మెతుకులు ఇరుక్కుంటుంటే కడుపులో తిప్పింది. వదిన మాత్రం కొంగు నడుముకి దోపి, ఎవరి వంకా చూడకుండా, "నడవవే, స్వామి మీద మనసు పెట్టి నడువు" అంటూ లాక్కెళ్ళింది. బాత్రూముల గురించి రాయను. ఆడవాళ్ళం ఎలా నడిచామో ఆ అప్పన్నకే తెలుసు.

అప్పుఘర్‌లో సముద్రస్నానం. ఉప్పునీళ్ళు పొక్కుల మీద పడగానే నక్షత్రాలు కనిపించాయి.

వెంకోజీపాలెం వచ్చేసరికి మా బల్ల మీద అడుగు బొడుగు మాత్రమే మిగిలి ఉంది. నాన్న కుర్చీలోంచి లేచి, నన్ను కూడా వచ్చేపోయే వాళ్ళందరిలాగే "గోవిందా" అని పలకరించి మజ్జిగ గ్లాసు చేతికిచ్చారు. చెయ్యి కొంచెం వణికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కనబడనివ్వకుండా తాగేసి కదిలాం. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూస్తే అన్నయ్య బల్ల మడుస్తున్నాడు.

ఇసుకతోట, సీతమ్మధార దాటాక దారి మారిపోయింది. జనం తగ్గలేదు, పెట్టేవాళ్ళే లేరు. బల్లలు బోర్లించి ఉన్నాయి. నీళ్ళ డ్రమ్ము కుళాయి తిప్పితే చుక్క రాలేదు. సన్నగా చినుకులు. సాయంత్రం పని ముగించుకుని ఆలస్యంగా బయల్దేరినవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, నాలాంటి కుంటివాళ్ళు, అందరం ఆ వేళకే ఆ రోడ్డు మీదున్నాం. ఒకామె చంటిపిల్లకి నీళ్ళ కోసం మూసిన కొట్టు షట్టరు తట్టింది. ఎవరూ తీయలేదు. మా సీసాలో ఉన్నది ఇచ్చాం. మొదటి పది కిలోమీటర్లలో రోడ్డు పాలైన అన్నం ఇక్కడుంటే! అమ్మ అన్నేళ్ళు పెట్టినా ఈ సగం దారి ఎప్పుడూ చూడలేదు. మా బల్ల దగ్గర నిలబడితే కనబడదిది. నడిస్తేనే తెలుస్తుంది.

మాధవధార దగ్గర ఇక నా వల్ల కాక ఒక ఇంటి అరుగు మీద చతికిలబడ్డాను. "ఏటమ్మా, కాళ్ళు పొక్కిపోనాయేటి? పైకి కూకో, తడి" అని వినిపించింది. తలుపు పక్కన ఒక ముసలావిడ. ఆవిడ ముందు మూత పెట్టిన సత్తుగిన్నె, బకెట్టు నీళ్ళు, నాలుగే స్టీలు గ్లాసులు. చోడి అంబలి, అంటే రాగి అంబలి. ఒకరు తాగాక గ్లాసు తీసుకుని, బకెట్టులోంచి చెంబుతో నీళ్ళు ముంచి, బూడిదతో తోమి కడిగి, కొంగుతో తుడిచి ఇంకొకరికి పోస్తోంది. కాగితం గ్లాసులు తెచ్చుకోవచ్చు కదా మామ్మా అంది వదిన. "అయ్యి రోడ్డు మీదేత్తారు, మళ్ళీ ఎత్తాల్సింది ఆ గుంటలే కదా" అంది ఆవిడ. నిజమే, ఆవిడ పక్కనే పారిశుద్ధ్యం పనిచేసే ఇద్దరు అమ్మాయిలు చీపుర్లు గోడకి ఆనించి అంబలి తాగుతున్నారు. వాళ్ళకి అదే ఆ రాత్రి మొదటి తిండి అట. అన్నం ఊడుస్తూ ఊడుస్తూ ఆకలితో వచ్చారు!

నా చేతిలో గ్లాసు పెట్టింది. చల్లటి పులుపు, ఉప్పు, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ. ఇంకో చేతిలో పచ్చిమిరపకాయ. "సందేల ఎవులైనా పెడతారమ్మా. ఈ ఏలకి ఎవులుంటారు? మా ముసలాయన పోర్టులో కలాసీ. నైటు డూటీ దిగి ఆకలితో వచ్చీవోడు. ఆయనకి కాసిందే నలుగురికీ పోసీదాన్ని. ఆయన పోనాక ఈ ఒక్క రాత్రీ కాత్తన్నాను" అంది, గ్లాసు తోముతూనే. డబ్బులివ్వబోయాను, కోప్పడింది. కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "నడిచొచ్చినదానివి నువ్వు నాకు పెట్టకూడదు" అని వెనక్కి జరిగి, వంగి నా పాదాలు తాకి కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత ఎన్ఏడీ, గోపాలపట్నం, ప్రహ్లాదపురం ఎలా దాటానో గుర్తు లేదు. అంబలే నడిపించింది.

తెల్లవారి కొండ మీద క్యూ. వాలంటీర్లు పాపం అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు. మధ్యలో ఎవరో పెద్దవాళ్ళొచ్చారని మా లైను ఆపేశారు. రాత్రంతా నడిచినవాళ్ళని నిలబెట్టి, కారు దిగినవాళ్ళని ముందు పంపడం ఏ శాస్త్రంలో ఉందో! కప్పస్తంభాన్ని దూరం నుంచే చూసి దణ్ణం పెట్టుకున్నాను, కౌగిలించుకునే వీలెక్కడిది.

అక్షయ తృతీయ నాడు నిజరూపం చూపించిన స్వామికి నాలుగు విడతలుగా చందనం పూస్తారు కదా, ఆఖరి విడత ఈ ఆషాఢ పౌర్ణమికే. గడప ముందుకి తోసుకొచ్చాను. దీపం వెలుగులో పసుపుపచ్చటి నిండు చందనం, నామం, తులసి, ఒక సంపెంగ దండ. అంతే, వీపు మీద చెయ్యి పడింది, "పదండమ్మా పదండి". రెండు రెప్పపాట్లు ఉంటుందేమో. దారి పొడుగునా స్వామితో ఏవేవో చెప్పుకోవాలని కట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఆ ముసలావిడ పెనిమిటి పేరు అడగలేదే, గోత్రం చెప్పి ఒక పువ్వయినా వేయించేదాన్నే అనిపించింది. బయటికొచ్చాక అమ్మ పేరున అన్నదానానికి డబ్బు కట్టాం. అక్కడే పంక్తిలో కూర్చుని తిన్నాం. ఎదురుగా కూర్చున్నాయన ఆకులో ఒక్క మెతుకు మిగల్చలేదు, చూడముచ్చటేసింది.

ఇంటికొచ్చి పడుకుని లేచిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఇదే చర్చ. వచ్చే ఏడు వెంకోజీపాలెంలో బల్ల వద్దు, అక్కడ పెట్టేవాళ్ళు బోలెడుమంది. అర్ధరాత్రి దాటాక మాధవధార దారిలో పెడదాం అన్నాను. అన్నయ్య వెంటనే సరేనన్నాడు. అంతదాకా ఆగకుండా నెలకో శనివారం రాత్రి సాంబారన్నం వండి కేజీహెచ్ దగ్గరికి తీసుకెళ్ళాలని కూడా అనుకున్నాం. మొదటి శనివారానికి కందిపప్పు నేను తెస్తానన్నాను. మాధవధారలో ఏం పెట్టాలన్నదే తేలలేదు. వదిన చోడి అంబలే అంటోంది. నాన్న ససేమిరా ఒప్పుకోవడం లేదు, మీ అమ్మ పేరు చెప్పి పులిహోర లేకుండా ఎలా అంటున్నారు. అన్నయ్య రెండూ చేద్దాంలే అని, అంత రాత్రి రెండు పొయ్యిలకి గ్యాసు ఎవరి దగ్గర తేవాలా అని ఫోన్లు చేస్తున్నాడు.