బతిమాలుకొనే దేవుడు

కొరింథీయులకు పౌలు వ్రాసిన రెండవ పత్రిక 5వ అధ్యాయం 20వ వచనంలో, “దేవునితో సమాధానపడుడని క్రీస్తు పక్షముగా మిమ్మును బతిమాలుకొనుచున్నాము” అనే మాట ఉన్నది. సువార్త కూటాలలో ఇంకా విశ్వసించనివారిని పిలవడానికి ఈ వాక్యాన్ని ఎక్కువగా చదువుతారు, అందులో తప్పేమీ లేదు. అయితే పత్రిక మొదటి వచనం ప్రకారం ఇది కొరింథులోనున్న దేవుని సంఘానికి, అంటే బాప్తిస్మం పొంది, ప్రభువు బల్లలో పాలుపొందుతున్నవారికి వ్రాయబడినది. రక్షణ పొందినవారిని పట్టుకొని దేవునితో సమాధానపడమని ఎందుకు బతిమాలవలసి వచ్చింది?

జూలియస్ సీజర్ క్రీ.పూ. 44లో రోమా కాలనీగా తిరిగి నిలబెట్టిన ఆ రేవు పట్టణంలో పౌలు ఏడాదిన్నర ఉండి సంఘాన్ని కట్టాడు. ఆయన వెళ్లిపోయాక సంబంధం చెడింది. వస్తానన్న ప్రయాణాన్ని మార్చుకున్నందుకు మాట మీద నిలబడనివాడని అనుమానించారు; పత్రికలు ఘనంగా వ్రాస్తాడే గాని ఎదుట నిలిచి మాట్లాడితే పస లేదని ఎగతాళి చేశారు. నడుమ ఒకసారి వచ్చి దుఃఖంతో తిరిగి వెళ్లిన పౌలు, కన్నీళ్లతో ఒక ఉత్తరం పంపి, దాని ఫలితం తెలియక త్రోయ పట్టణంలో నిలువలేక మాసిదోనియకు వెళ్లి తన జతపనివాడైన తీతు కోసం ఎదురుచూశాడు. సంఘం పశ్చాత్తాపపడిందని తీతు చెప్పిన తరువాత వ్రాసిన మాటలు ఇవి. కాబట్టి సమాధానాన్ని గురించిన ఈ బోధ చదువుల గదిలో పుట్టినది కాదు. తాను ప్రేమించినవారి చేత తృణీకరించబడిన మనిషి, ఆ గాయం ఇంకా పూర్తిగా మానకముందే, దేవుడు లోకం పట్ల ఏమి చేశాడో చెబుతున్నాడు.

పౌలు తనను క్రీస్తు రాయబారినని పిలుచుకుంటాడు. సాధారణంగా రాయబారాన్ని ఎవరు పంపుతారు? పదివేల మందితో ఉన్న రాజు, ఇరవైవేల మందితో వచ్చేవాడిని ఎదిరించలేనని తెలిస్తే, అతడు దూరంగా ఉన్నప్పుడే రాయబారం పంపి సంధి అడుగుతాడని లూకా 14వ అధ్యాయంలో యేసే చెప్పాడు. తక్కువ బలం గలవాడే మొదట మనిషిని పంపుతాడు. మన ఊళ్లలో పెద్దమనుషులు కూర్చొని తగవు తీర్చేటప్పుడు కూడా తప్పు చేసినవాడు ముందు గడప తొక్కాలంటారు. ఇక్కడ రెండూ తలక్రిందులయ్యాయి. బలవంతుడు దేవుడే, అన్యాయం పొందినవాడూ దేవుడే. అయినా కబురు పంపినది ఆయనే. పంపిన కబురు కూడా ఆజ్ఞలా కాక వేడుకోలులా ఉన్నది. సర్వశక్తిమంతుడు బతిమాలడమేమిటని జంకేవారికి ఈ వచనం ఎన్నటికీ మింగుడుపడదు.

అంతమాత్రాన ఈ సమాధానం చౌకగా దొరికినది కాదు. 19వ వచనం దేవుడు వారి అపరాధములను వారిమీద మోపలేదని చెబుతుంది గాని, అపరాధాలే లేవని చెప్పదు. ప్రాయశ్చిత్త దినాన ప్రధానయాజకుడు మేక తలమీద చేతులుంచి, ప్రజల పాపాలన్నిటినీ ఒప్పుకొని, దానిని అరణ్యానికి పంపించేవాడని లేవీయకాండము 16వ అధ్యాయంలో చదువుతాము. పాపం కరిగిపోలేదు, మోసేవాడు మారాడు. 21వ వచనంలో పాపమెరుగని క్రీస్తే మనకోసం పాపముగా చేయబడ్డాడు. కోపంతో ఉన్న తండ్రిని దయగల కుమారుడు శాంతింపజేశాడన్నట్టు కొన్ని ప్రసంగాలు ఈ సంగతిని చిత్రిస్తాయి. అది నాకు సమ్మతం కాదు. దేవుని ఉగ్రత నిజమే, రోమా 5:9 దానిని దాచదు. అయితే “దేవుడు క్రీస్తునందు” లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడన్న చోట తండ్రిని, కుమారుణ్ణి విడదీయడానికి సందు లేదు. సిలువ ఖర్చును భరించినది సమాధానం కోరిన దేవుడే.

కొరింథీయులకు ఈ పిలుపు ఎందుకు అవసరమైందో ఇప్పుడు తెలుస్తుంది. దేవుని కబురు తెచ్చినవాడిపై తలుపు మూసుకొని, ఆ కబురును మాత్రం స్వీకరించామని చెప్పుకోవడం కుదరదు. అందుకే కొద్ది వచనాల తరువాత, 7:2లో, పౌలు తమను హృదయాలలో చేర్చుకొమ్మని అడుగుతాడు. బలిపీఠం ఎదుటనే అర్పణను విడిచి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు మాటను గలిలయలో విన్నవారికి బలిపీఠం దగ్గరలో లేదు. అది యెరూషలేములో, కొన్ని రోజుల నడక దూరంలో ఉన్నది. అంత దూరం వచ్చినవాడు కూడా వెనక్కి వెళ్లాలి. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాల ఐక్య సభ కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాక, 1950లో వెలువడిన ప్రభురాత్రి భోజన క్రమంలో అర్పణకు ముందు సమాధానాన్ని చేతి నుండి చేతికి అందించే పద్ధతిని చేర్చుకున్నారు. ఏళ్ల తరబడి వేరువేరు బల్లల దగ్గర కూర్చున్నవారికి అది తగిన క్రమమే. మాటలాడుకోని ఇద్దరు అన్నదమ్ములు ఒకే వరుసలో కూర్చున్న ఆదివారం, ఆ కొద్ది క్షణాలు ప్రసంగమంతటికంటే కష్టంగా ఉంటాయి.

కొరింథు సంఘం పౌలును చేర్చుకున్నదా? అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం ఆయన గ్రీసు దేశంలో మూడు నెలలు గడిపాడని చెబుతుంది. రోమీయులకు పత్రికను ఆ రోజులలో కొరింథులోనే వ్రాయించాడని పండితులలో అత్యధికుల అభిప్రాయం. దాని చివర ఆయన తనకు ఆతిథ్యమిచ్చిన గాయును, పట్టణపు ఖజానాదారుడైన ఎరస్తును పేర్కొంటాడు. చేతితో వ్రాసిన తెర్తియు తన వందనాలు తానే చేర్చాడు. మనం శత్రువులమై ఉండగానే కుమారుని మరణం ద్వారా దేవునితో సమాధానపరచబడ్డామనే రోమా 5:10, ఒకప్పుడు పౌలును నొప్పించి పంపిన ఆ పట్టణంలోనే వ్రాయబడినది.