యార్డు దగ్గు

"ఘాటు పడింది, అంతే. మిర్చి యార్డులో పనిచేసేవాడికి దగ్గు రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ" అని నవ్వాడు నేను దగ్గుతో వెళ్ళిన డాక్టరు. నేను గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాని. సీజనంతా టిక్కీల, అంటే మిర్చి బస్తాల మధ్యే తిరుగుడు. మచ్చు కోసం సంచి కోస్తే చాలు, కళ్ళూ ముక్కూ కారతాయి. అందుకే ఆయన మాట నాకూ నిజమే అనిపించింది.

సిరప్పులు, రెండు రకాల యాంటీబయాటిక్కులు, తొమ్మిది వారాలు. వాటిలో ఒకటి లెవోఫ్లాక్సాసిన్. అది టీబీ క్రిమిని కొద్దిగా అణచి, అసలు జబ్బు బయటపడడాన్ని ఆలస్యం చేస్తుందని తర్వాత తెలిసింది. ఘాటు దగ్గయితే సెలవు రోజున తగ్గాలి కదా. నాది తగ్గలేదు. సాయంత్రం ఒళ్ళు వెచ్చబడేది, తెల్లారేసరికి బనీను తడిసిపోయేది, 61 కిలోల మనిషిని 48కి దిగాను. ఈ మూడూ ఆయనకి చెప్పాను. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్లె పరీక్ష రాయాలన్నది ఆశా కార్యకర్తకు కూడా తెలిసిన సంగతి. ఆ కోపం ఇంకా పోలేదు, పోనక్కర్లేదు కూడా.

2025 ఏప్రిల్లో ఒక రాత్రి, రెండు గంటలప్పుడు, గొంతులో గరగరమంది. నోట్లో ఉప్పగా తగిలింది. బాత్రూంలో లైటు వేసి ఉమ్మితే తెల్ల టైల్సు మీద ఎర్రగా, నురగతో. మొదట తట్టింది ఏంటంటే, మధ్యాహ్నం తిన్న పండుమిరప పచ్చడేమో అని! రెండోసారి వచ్చాక ఆ అనుమానం తీరిపోయింది. మా ఆవిడ చెంబు పట్టుకుని నిలబడింది, ఒక్క మాటా లేదు. అమ్మ దేవుడి గూట్లో దీపం పెట్టి పెదకాకాని మల్లేశ్వరస్వామికి మొక్కుకుంటోంది, ప్రతి మాటా నాకు వినబడుతూనే ఉంది. పడుకోబోతే దగ్గు తెర ముంచుకొచ్చేది. గోడకి ఆనుకుని తెల్లారిందాకా కూర్చున్నాను. మొత్తం కలిపి సగం టీ గ్లాసు ఉంటుంది.

వీధిలో వాళ్ళు చూస్తారని 108కి ఫోన్ చేయలేదు. అది మా తెలివితక్కువతనం. దగ్గితే పడే రక్తం ఎర్రగా, నురగతో ఉంటుంది. కడుపులోంచి వచ్చేది డికాషన్ రంగులో ఉంటుంది. ఎంత పడిందో చెంబులో చూసి చెప్పగలిగితే ఆసుపత్రిలో సగం ప్రశ్నలు తగ్గుతాయి. ధారగా పడుతుంటే మాత్రం ఎవరు చూస్తారన్నది ఆలోచించకండి. ఏ వైపు ఊపిరితిత్తి పాడైందో తెలిస్తే ఆ వైపుకే ఒరిగి పడుకోవాలి, రక్తం రెండోదానిలోకి పోకుండా.

ఎక్స్‌రే, షుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు ఆసుపత్రిలో ఒక్క పూటలో అయిపోయాయి. కళ్లె దగ్గరే తేడా కొట్టింది. డబ్బీలో నేను ఇచ్చింది ఉత్త ఉమ్మి, దాన్ని తిప్పి పంపారు. ఎలా తీయాలో చెప్పింది మా వీధికి వచ్చే మెడికల్ కాలేజీ అమ్మాయి. ఎంబీబీఎస్ మొదటి ఏడాది నుంచే పిల్లలు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ళ ఆరోగ్యం చూడాలన్న నియమం ఉందట. మేముండే నల్లచెరువులో మా ఇళ్ళ వరస ఆ అమ్మాయి వంతుకి వచ్చింది. "పొద్దున్నే లేవగానే ఉత్త నీళ్ళతో పుక్కిలించండి అంకుల్. మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి, మూడోసారి లోపల్నుంచి దగ్గండి. చిక్కగా చెంచాడు పడాలి" అంది. అలాగే చేస్తే, కళ్లెలో టీబీ క్రిమిని పట్టే పరీక్ష సీబీనాట్‌లో దొరికింది. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగే రకమేనని కూడా అందులోనే తేలింది.

మొదటి మాత్రలు పరగడుపున వేసుకున్న సాయంత్రం మూత్రం ఎర్రగా వచ్చింది. మళ్ళీ రక్తమే అనుకుని మర్నాడు మానేశాను. అది రిఫాంపిసిన్ రంగు, చెమటా కన్నీళ్ళూ కూడా రంగు మారతాయి. మందులిచ్చిన కిటికీలో ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఒక డోసు పోయేది కాదు. భయపడాల్సింది వాంతులు ఆగకపోతే, కళ్ళు పచ్చబడితే. అది కాలేయం సంగతి, అదే రోజు చూపించుకోవాలి.

మాత్రల లెక్క బరువుని బట్టి ఉంటుంది. 35 నుంచి 49 కిలోల దాకా రోజుకి మూడు, 50 నుంచి 64 దాకా నాలుగు. మొదట 56 డోసులు నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాత 112 డోసులు మూడు మందులది. ఆ అమ్మాయి నెలకోసారి తన తూకం మిషనే తెచ్చేది, మా ఇంట్లోది రెండు కిలోలు ఎక్కువ చూపిస్తోందని కనిపెట్టి. రెండో నెలాఖరుకి 54 కిలోలకు వచ్చాను. అయిదు కిలోలు పైగా పెరిగి గీత దాటాను కాబట్టి నాలుగు మాత్రలు చేయించింది. నన్నడిగితే మూడే మింగుతూ ఉండేవాణ్ణి. ఆ మందుల్లో ఒకటైన ఎథాంబ్యుటాల్ చూపు మీద పడుతుందని, ముందు ఎరుపూ పచ్చా తేడా తెలియకుండా పోతుందని, వచ్చినప్పుడల్లా మచ్చులో తాలుకాయలు, అంటే ఎరుపు తేలిపోయిన పనికిరాని కాయలు, ఏరమనేది. యార్డు మనిషికి ఇంతకంటే మంచి కంటి పరీక్ష ఏముంటుంది!

బరువు పెరగడం మాత్రల పుణ్యం ఒక్కటే కాదు. 2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర అనే, టీబీ రోగులకు దాతలు తిండి సాయం చేసే పథకం కింద ఒక స్వచ్ఛంద సంస్థ, ఈ పిల్లల కాలేజీతో కలిసి, నెలకో సంచి ఇచ్చేది. మూడు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, పావుకిలో నూనె, కిలో వేరుశనగ గుళ్ళు. ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బు 2024 నవంబరు నుంచి నెలకి 1000 రూపాయలైంది గానీ, ఖాతాకి ఆధార్ కలవక నాకు మూడో నెలకి గానీ పడలేదు. అందాకా ఆ పప్పే దిక్కు. ఝార్ఖండ్‌లో రోగుల ఇళ్ళకు ఇలా తిండి ఇచ్చి చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. ఆ ఇళ్ళల్లో మిగతావాళ్ళకి టీబీ రావడం 39 శాతం తగ్గిందట.

అలాంటి సంచిని మొదటి నెల ఎలా ఇచ్చారో తెలుసా? వీధి మొగలో బ్యానరు కట్టి, మమ్మల్ని ఏడుగురిని వరసగా నిలబెట్టి, ఫొటో తీసి. సంచి మీద 'టీబీ' అని చెయ్యి పొడుగు అక్షరాలు. సాయంత్రానికి మా తమ్ముడి భార్య నా కంచం వేరు పెట్టింది. కంచంతో టీబీ అంటదు, గాలితో అంటుతుంది. మందులు సరిగ్గా పడితే రెండు మూడు వారాల్లో ఆ భయమూ బాగా తగ్గుతుంది. ఎవరికి చెప్పను? రెండో నెల మా ఆవిడ సంచి తెచ్చుకోవడానికి వెళ్ళనంది. ఏడుగురిలో ఇద్దరు అసలు రావడమే మానేశారు. సంచి మానేసినవాడు మాత్ర ఎన్నాళ్ళు మింగుతాడు?

ఆ అమ్మాయి తన ప్రొఫెసరుని తీసుకొచ్చి ఆ సంస్థవాళ్ళతో గట్టిగా మాట్లాడించింది. వాళ్ళూ మంచివాళ్ళే, చందాలిచ్చేవాళ్ళకి ఫొటో చూపించాలి కదా అన్నారు. తూకం కాగితాలు చూపించండి, మనుషుల్ని కాదు అందా పిల్ల. ఇరవయ్యేళ్ళు నిండాయో లేదో. ఇంట్లోవాళ్ళకి ఎక్స్‌రేలు తీయించి, టీబీ లేదని తేలాక, వారానికోసారి చొప్పున 12 వారాల నివారణ మాత్రలు మింగించిందీ తనే. మా తమ్ముడి భార్య కూడా మింగింది.

అక్టోబరులో కళ్లె పరీక్ష నెగటివ్ వచ్చింది. 59 కిలోలు. అమ్మ మొక్కు పెదకాకాని వెళ్ళి తీర్చుకున్నాం. స్వామికి ఎంత చెందుతుందో, కందిపప్పుకి ఎంతో నేను లెక్క కట్టలేదు. ఇప్పుడు నెల మొదటి ఆదివారం సంచులు నా టీవీఎస్ ఎక్సెల్ మీదే వెళ్తాయి. మిర్చి కొట్టు నుంచి తెచ్చిన మామూలు గోనెసంచులు, మీద ఏ పేరూ ఉండదు. చీకటిపడ్డాక గుమ్మం లోపల పెట్టి వచ్చేస్తాను. ఏంటన్నా అది అని ఎవరైనా అడిగితే, తాలుకాయలంటాను.