తుఫాను మద్రాసు పక్కకు పోతేనే మనకు పిట్టలు

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో స్క్రోలింగ్ మొదలైతే చాలు, నాకు పక్షులు చూసే పిచ్చి ఉందని తెలిసినవాళ్లంతా ఫోన్ చేస్తారు, "ఈసారి నెల్లూరు మీదకే అంటున్నారు, నీకు పండగే కదా" అని. నెల్లూరు మీద దాటితే నాకు పండగేముంది, కరెంటు పోయి, మోటారు ఆగి, అందరితో పాటు నేనూ తిట్టుకుంటూ ఇంట్లో కూర్చోవడమే. సముద్రప్పక్షులు ఒడ్డుకు రావాలంటే తుఫాను మన నెత్తిన దాటకూడదు, మనకు పైనా దాటకూడదు. కింద, మద్రాసుకీ పుదుచ్చేరికీ మధ్య ఎక్కడో దాటాలి. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మడం లేదు.

లెక్క చాలా సులువు. భూమధ్యరేఖకు ఉత్తరాన తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కేంద్రం మనకు దక్షిణంగా ఉంటే మనకొచ్చేది తూర్పు గాలి, అంటే సముద్రం మీదుగా వచ్చేది. అది నడి సముద్రంలో బతికే పిట్టల్ని ఒడ్డు దాకా తోసుకొస్తుంది. అదే కేంద్రం బాపట్ల దగ్గరో బందరు దగ్గరో ఉందనుకోండి, మనకు పడమటి గాలి. వాన దంచి కొడుతుంది, చెట్లు పడతాయి, అన్నీ ఉంటాయి, పిట్టలు మాత్రం ఇంకా సముద్రం లోపలికి పోతాయి.

2022 డిసెంబరు 9 రాత్రి మాండూస్ మహాబలిపురం దగ్గర దాటింది. 2020 నవంబరులో నివర్, 2024 నవంబరు 30న ఫెంగల్ రెండూ పుదుచ్చేరి దగ్గర దాటాయి. ఇలాంటివి మనకు పనికొచ్చే తుఫాన్లు (పక్షుల వరకే లెండి, నివర్‌కు పెన్నలో వచ్చిన వరద గుర్తున్నవాళ్లు నన్ను కొట్టడానికి వస్తారు). 2023లో మిచాంగ్ సంగతి వేరు. అది మన తీరం పక్కనే రాసుకుంటూ పైకి పోయి డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గర దాటింది. అంత దగ్గరగా పోయింది కాబట్టి బోలెడన్ని పక్షులు వచ్చుంటాయని బయటివాళ్లు అనుకున్నారు. గాలి ఉత్తరం నుంచి పడమరకు తిరిగిపోయాక ఇంకేం వస్తాయి? ఒంగోలు దగ్గరి కొత్తపట్నం, పాకల వైపు వాళ్లకు ఈ లెక్క కొంచెం మారుతుంది. తుఫాను సరిగ్గా నెల్లూరు దగ్గర దాటితే మేము మునుగుతాం, ఒంగోలు వాళ్లకు తూర్పు గాలి.

మైపాడు అవతల ఒక పాలెంలో నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు, ఇప్పుడు వేటకు పోవడం లేదు, వలలు బాగుచేస్తుంటారు. వాయుగుండం బలపడుతోందని ఒకసారి పొద్దున్నే పోయాను. బైనాక్యులర్ మెళ్లో వేసుకుని, స్కూటర్ సరుగుడు చెట్ల కింద పెట్టి, "ఏం మామా, గాలెట్లుంది?" అంటే ఆయన తలెత్తకుండానే, "నిన్న తూరుపు అబ్బయా, రాత్రి తిరిగింది, ఇయ్యాల పడమర. నీ పిట్టలు రావు. టీ తాగి పో" అన్నాడు. ఫోన్‌లో రంగురంగుల గాలి మ్యాపులు చూసుకుని వచ్చాను నేను. ఆయన చెప్పినట్టే అయింది. మధ్యాహ్నం దాకా చూస్తే రోజూ ఉండే గోధుమ తల గల్‌లు, కాలవ మొగ దగ్గర ఇసుకలో గాలికి ఎదురుగా ముక్కులు పెట్టి కూర్చున్న టెర్న్‌లు, అంతే.

జూన్, జూలైలో మనకెందుకు ఏమీ ఉండదో కూడా ఇందులోనే ఉంది. నైరుతి రుతుపవనాల గాలి కేరళకు, కొంకణానికి ఎదురుగా కొడుతుంది. అక్కడివాళ్లు వానాకాలం అంతా ఒడ్డున నిలబడి షేర్‌వాటర్లు, పెట్రెల్‌లు లాంటి నడి సముద్రపు పిట్టల్ని చూస్తుంటారు. మనకు అదే గాలి వెనక నుంచి, భూమి మీద నుంచి వస్తుంది. మన వంతు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, అదీ తుఫాను దయ.

సరే, తూర్పు గాలి పట్టిందనుకుందాం. అప్పుడు ఏం చూడాలి, ఎట్లా చూడాలి?

నీళ్ల అంచున నిలబడితే ఏమీ కనిపించదు. అల లేచిందంటే వెనకున్నదంతా మాయం. ఇసుక దిబ్బ ఎక్కాలి, లేదంటే ఎవరిదైనా మిద్దె. నాకు మామూలు రోజుల్లో మన తీరం మీద పెద్ద కోపం ఒకటుంది, పొద్దునంతా ఎండ కళ్లలోనే కొడుతుంది, ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజు ఆ బాధ ఉండదు. ఆకాశం సీసం రంగులో ఉంటే తెల్లని పొట్ట ఎంత దూరాన్నుంచైనా తెలుస్తుంది. కృష్ణపట్నం వైపు లంగరేసిన ఓడలు కనిపిస్తుంటే ఇంకా మేలు, "రెండో ఓడకు ఎడమ పక్క, అల మీద" అని పక్కవాడికి చెప్పొచ్చు. లేకపోతే సముద్రంలో వేలు పెట్టి చూపించేదేముంది.

దూరాన రంగులు కనిపించవు కాబట్టి ఎగిరే తీరే గుర్తు. గల్ తాపీగా రెక్క కొడుతుంది. టెర్న్ ముక్కు కిందికి వాల్చి నీళ్లలోకి చూస్తూ ఎగురుతుంది. షేర్‌వాటర్ గాలి జోరుగా ఉంటే రెక్కలు పెద్దగా కొట్టదు, బిర్రుగా చాపి పెడుతుంది. ఇది నాకు ఎంత చూసినా తనివి తీరనిది. అల దగ్గర గాలి నెమ్మది, కొంచెం పైన జోరు. ఆ పిట్ట గాలికి ఎదురుగా పైకి లేస్తుంది, వాలిపోతూ గాలితో పాటు కిందికి జారుతుంది, ఆ జారుడులో వచ్చిన వేగంతో మళ్లీ లేస్తుంది. ఒకసారి పొట్ట, ఒకసారి వీపు, ఒకసారి తెలుపు, ఒకసారి నలుపు, మధ్యలో అల వెనక మాయం. మనం నిలబడలేక గొడుగు విరగ్గొట్టుకుంటున్న గాలి దానికి పెట్రోలు.

స్కువా కనిపిస్తే అదృష్టం. దొంగ పిట్ట. టెర్న్ వెంటపడి, తోక పట్టుకుని పీకేంత దగ్గరగా తరిమి, అది నోట్లోదో పొట్టలోదో వదిలేసేదాకా ఊరుకోదు. వదిలిన చేపను నీళ్లలో పడకముందే అందుకుంటుంది.

వచ్చినవాటిలో ఎక్కువ దెబ్బ తినేది సూటీ టెర్న్. దీని ఈకలకు మిగతా సముద్రప్పక్షుల్లాగా నీళ్లను ఆపే గుణం సరిగా లేదు, అందుకని నీళ్ల మీద కూర్చుని సేద తీరలేదు. గూడు వదిలిన పిల్ల మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు తిరిగొచ్చేదాకా ఏళ్ల తరబడి దాదాపు గాలిలోనే గడుపుతుంది. అంతటి పిట్ట కూడా తిండి లేకుండా తుఫానుకు ఎదురీది అలిసిపోయి, ఊళ్లలో పడుతుంది. 2020 మేలో ఆంఫన్ తర్వాత బెంగాల్లో సముద్రానికి ఎంతో దూరంగా, భూమి లోపల ఇవి కనిపించాయి.

ఒకదాన్ని దగ్గరగా చూశాను, ఒక పాలెంలో వలల కుప్ప పక్కన. పిల్లలు దాని చుట్టూ చేరి అన్నం మెతుకులు వేశారు, ఎవరో మూతతో నీళ్లు పెట్టారు. అది ఏదీ ముట్టుకోలేదు. వీపంతా నలుపు, పొట్ట తెలుపు, నుదుటి మీద తెల్ల మచ్చ కంటి దగ్గరే ఆగిపోయింది. తోక చివర ఈక ఒకటి విరిగి వేలాడుతోంది. ముక్కు మీద ఉప్పు మరకలు. ఇవి సముద్రం నీళ్లే తాగుతాయి, కళ్ల పైనున్న గ్రంథులు ఆ ఉప్పును ముక్కు ద్వారా బయటకు పంపేస్తాయి. రెక్క విప్పినప్పుడు ఆ పిల్లలు "ఇంతుందా!" అన్నారు, మడిచినప్పుడు పావురమంతే ఉంది మరి.

ఇలాంటిది దొరికితే అన్నం, పాలు, బలవంతంగా నోట్లో నీళ్లు, ఏదీ వద్దు. గాలాడే అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకటిగా, కుక్కలకు దూరంగా పెట్టి, అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. ఎగరేస్తే ఎగురుతుందిలే అని గాల్లోకి మాత్రం విసరకండి, శక్తి లేకనే కదా అది పడింది.

తుఫాను దాటే రోజు నేను పోను. హెచ్చరిక ఉన్నప్పుడు పోలీసులు ఎలాగూ పోనివ్వరు, పోనిచ్చినా ఆ వానలో కటకం మీద నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. ముందు రోజు తూర్పు గాలి జోరందుకునేటప్పుడు, దాటిన మరుసటి పొద్దున, ఈ రెండే పని జరిగే వేళలు. ఆ మరుసటి రోజు సముద్రం దాకా పోలేనివాళ్లు నెల్లూరు చెరువు, పెన్న బ్యారేజీ, బుచ్చి దగ్గర కనిగిరి రిజర్వాయరు ఒకసారి చూసి రండి. దారి తప్పినవి నీళ్లు కనిపించిన చోటల్లా తిరుగుతాయి. నల్ల వీపు, చీలిన తోక ఉన్న టెర్న్ కనిపిస్తే మొహం పక్క నుంచి ఫోటో తీయండి. తెలుపు కంటి దగ్గర ఆగితే సూటీ, కన్ను దాటి సన్నగా వెనక్కి పోతే బ్రైడిల్డ్ టెర్న్, దాదాపు సూటీ లాగే ఉండే ఇంకో రకం. ఎగిరిపోతుంటే వెనక నుంచి తీసిన ఫోటోలు పంపి పేరు చెప్పమంటే నావల్ల కాదు.