కొత్త ప్రాసెసర్, పాత హార్డ్‌డిస్కు

మిర్చి సీజన్ల వరంగల్ ఎనుమాముల మార్కెట్ చూసినోళ్లకు ఎరుకే, కాంటా అయినంక తక్‌పట్టీ (తూకం, ధర, వచ్చే పైసలు రాసిచ్చే కాయితం) చేతికొచ్చేదాక రైతు అక్కడి నుంచి కదలడు. పోయిన సీజన్ల తెలిసిన అడ్తి సేటు ఫోన్ చేసి "తమ్మీ, జర వచ్చి సూడు, తక్‌పట్టీలు కొట్టే కంప్యూటర్ల ఎంటర్ కొడితే తిరుగుడే తిరుగుడు" అన్నడు. అప్పటికే ఎవరో చెప్తే కొత్త ప్రాసెసర్ మిషన్ కొన్నరు, పాత హార్డ్‌డిస్కు తీసి దాంట్లనే పెట్టిండ్రు.

డిస్కు ఎంత బిజీగ ఉన్నదో చూపే ఐవోస్టాట్ కమాండ్ కొట్టి చూస్తే సీపీయూ ఖాళీగ కూసున్నది, డిస్కు మాత్రం వంద శాతం బిజీ. ఆ డిస్కు 7200 ఆర్‌పీఎం, అంటే సెకనుకు 120 చుట్లు, ఒక్కో కమిట్ (లెక్కను పక్కా చేసే రాత) నిజంగ డిస్కు మీద పడేదాక డేటాబేస్ ఆగాలె, దానికి తోడు పాత ఖాతాలు చదువుడు గూడ అదే డిస్కు మీద అయ్యేసరికి చదివి రాసే హెడ్డు అటు ఇటు ఉరుకుడే సరిపోతున్నది, ఇగ ప్రాసెసర్ ఎంత పెద్దదైతే ఏం చేస్తది.

ముందుగాల ర్యామ్ పట్టుకున్నం. ఆ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, దాంట్ల ఇన్నోడీబీ బఫర్ పూల్, అంటే చదివిన డేటాను ర్యామ్‌ల పెట్టుకునే జాగ, డిఫాల్ట్ 128 ఎంబీనే, ఎవ్వరూ ముట్టలే. 32 జీబీ ర్యామ్ వేసి బఫర్ పూల్‌కు 20 జీబీ ఇచ్చినం, చదువుడు చాలావరకు డిస్కు దాక పోవుడు బందైంది.

రాసుడు మిగిలింది. కమిట్ సెట్టింగ్ 2కు మార్చు, డిస్కు మీదికి సెకనుకు ఒక్కసారే పోతది, ఫాస్ట్ అయితది అని ఒకాయన అన్నడు. నిజమే, కానీ కరెంటు పోతే ఆఖరి సెకను రాతలు పోవచ్చు, ఆ సెకనుల ఉన్నది ఎవరో రైతు పైసలు, నేను ఒప్పుకోలె. మామూలు ఎస్‌ఎస్‌డీ గూడ వద్దన్న. దాంట్ల క్యాషెను (రాత ముందుగాల ఆగే తాత్కాలిక మెమరీని) కాపాడే కెపాసిటర్లు ఉండవు, అందుకే డేటాబేస్ ఎఫ్‌సింక్ (పక్కాగ రాయి అనే హుకుం) అడిగినప్పుడల్ల ఫ్లాష్ చిప్పుల దాక రాయాలె, లేటైతది. సర్వర్ల కోసం చేసే పవర్ లాస్ ప్రొటెక్షన్ డ్రైవుల బోర్డు మీద కెపాసిటర్లు ఉంటయి, కరెంటు పోయినా ఆ కొసరు పవర్‌తోనే క్యాషెల ఉన్నది ఫ్లాష్‌ల రాసుకుంటది, కాబట్టి రాసిన అని వెంటనే చెప్పినా నమ్మొచ్చు. అసొంటియి రెండు తెచ్చి రెయిడ్ 1ల, అంటే ఒకే డేటా రెండిట్ల ఉండేటట్టు, పెట్టినం. రెయిడ్ 5 అయితే చిన్న రాత ఒక్కదానికి పాత డేటా, పాత ప్యారిటీ (ఒక డిస్కు పోతే డేటా తిరిగి కట్టుకునే లెక్క) చదివి మల్ల రెండూ రాయాలె, అంటే నాలుగు పనులు, గిసొంటి లెక్కలకు అది పనికిరాదు.

తెల్లారి మార్కెట్ టైముకు పోయి గుమస్తా పక్కకు కూసున్న. ఆయన ఎంటర్ కొట్టి కాయితం కోసం చెయ్యి చాపేలోపే ప్రింటర్ మొదలువెట్టింది. యూపీఎస్ బ్యాటరీలు మాత్రం పాతయే, ఎండలు ముదరకముందే మార్పియ్యుమని సేటుకు రెండుసార్లు చెప్పి వచ్చిన.